ఒకరోజు నడిచి ఒకరోజు మొరాయించే కంప్యూటరు: లోపం పట్టుకునే పద్ధతి

విడిభాగాలు కొని తెచ్చి ఇంట్లోనే బిగించుకున్న డెస్క్‌టాప్ పూర్తిగా ఆగిపోతే కారణం వెతకడం పెద్ద కష్టం కాదు. ఒక్కొక్క భాగాన్నీ మార్చి చూస్తూ పోతే ఎక్కడో ఒకచోట అది దొరికిపోతుంది. మూడు రోజులు చక్కగా ఆన్ అయి, నాలుగో రోజు ఉదయం ఉలుకూ పలుకూ లేకుండా ఉండిపోయి, మళ్లీ రెండోసారి బటన్ నొక్కగానే ఏమీ ఎరగనట్టు నడిచే కంప్యూటరుతోనే అసలు చిక్కు. చెన్నైలో ఉన్నవాళ్లకు వెంటనే గుర్తుకొచ్చేది అన్నాసాలై పక్కన, కంప్యూటరు దుకాణాలుండే రిచీ స్ట్రీట్. క్యాబినెట్‌ను ఆటోలో వేసుకుని అక్కడిదాకా మోసుకెళితే దుకాణంలో మొదటి నొక్కుకే ఆన్ అవుతుంది. 'బాగానే ఉంది కదా సార్' అని చేతికి ఇచ్చేస్తారు. అందులో వాళ్ల తప్పు లేదు. లోపం బయటపడే పరిస్థితులు మీ ఇంట్లో ఉన్నాయి, వాళ్ల బల్ల మీద లేవు. అందుకే ఇలాంటి లోపాన్ని ఇంట్లోనే, ఓపికగా, ఒక వరసలో వెతకాలి.

ఈ పని మొదలుపెట్టే ముందు ఒక విషయం గట్టిగా మనసులో పెట్టుకోవాలి. ఏదో ఒక భాగాన్ని కదిపిన తరువాత కంప్యూటరు ఆన్ అయినంత మాత్రాన అది బాగుపడినట్టు కాదు. అయిదుసార్లలో ఒకసారి మొరాయించే కంప్యూటరు ఉందనుకోండి. మీరు చేసిన పనివల్ల రవ్వంత ప్రయోజనం లేకపోయినా, అది వరసగా పదిసార్లు ఆన్ అయ్యే అవకాశం దాదాపు పదింట ఒక వంతు ఉంటుంది. పదిహేనుసార్లు వరసగా ఆన్ అయితే ఆ అవకాశం నూటికి నాలుగు కన్నా తక్కువకు పడిపోతుంది; అప్పుడు లోపం పోయిందని కొంత ధైర్యంగా అనుకోవచ్చు. నెలకు ఒకటి రెండుసార్లు మాత్రమే మొరాయించేదైతే ఎన్నో వారాలు గమనించక తప్పదు. పైగా ఆ గమనించడం కూడా అవే పరిస్థితుల్లో జరగాలి. రాత్రంతా ఆగి ఉన్న తరువాతనే మొరాయించే కంప్యూటరును సాయంత్రం పూట పదిసార్లు ఆపి, పదిసార్లు ఆన్ చేసి చూసినందువల్ల తేలేది ఏమీ లేదు.

ఒక విడతలో ఒక్క మార్పే చేయాలన్న నియమం కూడా ఇందులో నుంచే వస్తుంది. ఒకే సాయంత్రం బ్యాటరీ మార్చి, ర్యామ్ తుడిచి, కేబుళ్లన్నీ ఊడదీసి మళ్లీ పెడితే, తరువాత కంప్యూటరు బాగా నడిచినా ఏది చేయడం వల్ల నడిచిందో మీకు తెలియదు. వచ్చే నెలలో అదే లోపం తిరగబెడితే మళ్లీ మొదటికి రావలసిందే.

ముందు కొన్ని రోజులు ఏదీ కదపకుండా ఒక కాగితం మీద రాసుకోండి. ఏ పూట ఆన్ చేశారు, అంతకుముందు ఎంతసేపు ఆగి ఉంది, గోడ స్విచ్ కూడా ఆపేశారా, గదిలో ఏసీ నడిచిందా, వాన పడుతోందా, బటన్ నొక్కినప్పుడు ఏ లైటు వెలిగింది, ఫ్యాన్లు తిరిగాయా, తెర మీద ఏమైనా కనిపించిందా అన్నవి చాలు. క్యాబినెట్ పక్క పలక తీసి, నొక్కే ముందు ఫోన్‌లో వీడియో పెట్టడం ఇంకా మంచిది. అర క్షణం వెలిగి ఆరిపోయే లైటును కన్ను తప్పిపోయినా వీడియో పట్టుకుంటుంది.

ఆ కాగితం చూశాక లోపం ఏ రకానిదో తెలుస్తుంది. బటన్ నొక్కినా ఫ్యాను కదలదు, లైటు వెలగదు అంటే వెతకవలసింది గోడ నుంచి మదర్‌బోర్డు వరకు వచ్చే కరెంటు దారిలోనూ, బటన్‌లోనూ. ఫ్యాన్లు ఒక క్షణం తిరిగి ఆగి, మళ్లీ తమంతట తామే తిరగబోతుంటే ఎస్‌ఎంపీఎస్‌ను (గోడ కరెంటును కంప్యూటరుకు తగిన వోల్టేజీలుగా మార్చి ఇచ్చే పెట్టెను) గానీ, ఎక్కడో జరుగుతున్న షార్ట్‌ను గానీ అనుమానించాలి. కొన్ని బోర్డులు ర్యామ్‌తో కుదరనప్పుడు కూడా ఇలాగే ఆగి మొదలవుతాయి. ఫ్యాన్లు నిలకడగా తిరుగుతూ తెర మాత్రం నల్లగా ఉంటే ముందు ర్యామ్, తరువాత గ్రాఫిక్స్ కార్డు. బోర్డు తయారీదారు బొమ్మ కనిపించి, అక్కడి నుంచి విండోస్ రాకపోతే వెతకవలసింది డిస్కులోనూ సాఫ్ట్‌వేర్‌లోనూ.

ఇప్పటి మదర్‌బోర్డులు చాలావాటి అంచున సీపీయూ (ప్రాసెసర్), డీర్యామ్ (ర్యామ్), వీజీఏ (గ్రాఫిక్స్), బూట్ (డిస్కు) అనే పేర్లతో నాలుగు చిన్న లైట్లు ఉంటాయి. ఆన్ అయ్యేటప్పుడు అవి ఒకదాని తరువాత ఒకటి వెలిగి ఆరిపోతాయి. ఏది ఆరకుండా నిలిచిపోతే, ఆన్ అయ్యేటప్పుడు బోర్డు చేసుకునే పరీక్ష అక్కడ ఆగిపోయిందని అర్థం. ఆ లైట్లు లేని బోర్డుకు ఒక చిన్న స్పీకరు తగిలించి బీప్‌లు వినవచ్చు.

కరెంటు దారి

మన ఇళ్లలో రాత్రి పడుకునే ముందు గోడ స్విచ్‌లన్నీ ఆపేసే అలవాటు చాలామందికి ఉంది. మంచి అలవాటే కానీ, లోపం పట్టుకోవడంలో దీన్ని లెక్కలోకి తీసుకోవాలి. గోడ స్విచ్ ఆన్‌లో ఉన్నంతసేపు, కంప్యూటరు ఆగి ఉన్నా, ఎస్‌ఎంపీఎస్ మదర్‌బోర్డుకు 5 వోల్టుల స్టాండ్‌బై కరెంటు ఇస్తూనే ఉంటుంది. స్విచ్ ఆపేస్తే అది పోతుంది; అప్పుడు గడియారాన్నీ అమరికలనూ నిలిపి ఉంచేది బోర్డు మీది నాణెం లాంటి సీఆర్ 2032 బ్యాటరీ ఒక్కటే. కాబట్టి ఒక వారం గోడ స్విచ్ ఆపకుండా ఉంచి, మరో వారం రోజూ రాత్రి ఆపి చూడండి. ఆపిన మరునాడు మాత్రమే మొరాయిస్తుంటే అనుమానం ఆ బ్యాటరీ మీదికో, ఎస్‌ఎంపీఎస్‌లోని స్టాండ్‌బై భాగం మీదికో వెళుతుంది. స్క్రూడ్రైవర్ పట్టకుండా, పైసా ఖర్చు లేకుండా ఇంత సమాచారం ఇచ్చే పరీక్ష ఇంకొకటి లేదు.

బ్యాటరీ కొత్తదైతే మల్టీమీటరులో 3 వోల్టులు, అంతకన్నా కాస్త ఎక్కువ చూపుతుంది. 2.7 కన్నా తగ్గితే మార్చేయండి. తేదీ వెనక్కి పోతుండటం, బయోస్‌లో (విండోస్ కన్నా ముందు నడిచే, బోర్డు మీది ప్రోగ్రాములో) పెట్టుకున్న అమరికలు చెరిగిపోతుండటం దానికి ముందుగా కనిపించే గుర్తులు. ధర తక్కువే కాబట్టి మూడు నాలుగేళ్లు దాటిన బ్యాటరీని కొలవకుండా మార్చినా నష్టం లేదు. కాకపోతే అది ఆ విడత మార్పుగా కాగితం మీద రాసుకోవాలి.

గోడ ప్లగ్గు వదులుగా ఉందా, ఎస్‌ఎంపీఎస్ వెనక దిగిన మూడు రంధ్రాల కేబులు చివరిదాకా దిగిందా, ఎక్స్‌టెన్షన్ బోర్డులో ఎక్కడైనా నల్లని మసి కనిపిస్తోందా అన్నవి చూడండి. మసి ఉంటే ఆ బోర్డును పారేయాలి. యూపీఎస్ ఉన్నవాళ్లు దాన్ని పక్కనపెట్టి, కొన్ని రోజులు నేరుగా గోడకు పెట్టి చూడాలి. పాతబడిన యూపీఎస్ బ్యాటరీలు, ఇన్వర్టరు తరంగం నచ్చని కొన్ని ఎస్‌ఎంపీఎస్‌లు కూడా ఇలాంటి మొరాయింపుకు కారణమవుతాయి. క్యాబినెట్ లోహాన్ని తాకినప్పుడు చేతికి జుమ్మని తగులుతుంటే ఇంట్లో ఎర్తింగ్ లేదని అనుకోవాలి. ఎస్‌ఎంపీఎస్‌లోని ఫిల్టరు కెపాసిటర్లు అతి స్వల్పమైన కరెంటును ఎర్తు వైపు వదులుతూ ఉంటాయి, ఎర్తు లేకపోతే అది క్యాబినెట్ మీదే నిలుస్తుంది. ఎర్తింగ్ సరిచేయడం ఎలక్ట్రీషియన్ చేయవలసిన పని, దాన్ని వాయిదా వేయకండి.

ఇక బటన్. ఇంత చిన్న వస్తువును ఎవరూ అనుమానించరు గానీ, ఫ్యాను కూడా కదలని రకం లోపాల్లో నేను మొదట చూసేది దాన్నే. క్యాబినెట్ ముందు నుంచి రెండు సన్నని తీగలు వచ్చి మదర్‌బోర్డు కింది అంచున, పవర్ స్విచ్ అని రాసి ఉన్న రెండు పిన్నుల మీద దిగుతాయి. బటన్ నొక్కడమంటే ఆ రెండు పిన్నులనూ ఒక్క క్షణం కలపడమే. ఆ తీగల జతను ఊడదీసి, స్క్రూడ్రైవర్ మొనతో రెండు పిన్నులనూ ఒక్క క్షణం తాకించి ఆన్ చేయండి. పక్క పిన్నులకు తగలకుండా జాగ్రత్తపడాలి. అవి ఏ పిన్నులన్నది మాన్యువల్‌లోని బొమ్మ చూసి నిర్ధారించుకోవాలి. మొరాయించే వేళల్లో కూడా ఇలా చేస్తే ప్రతిసారీ ఆన్ అవుతుంటే లోపం బటన్‌లోనే ఉంది. రీసెట్ బటన్ లోపలికి ఇరుక్కుని ఉండిపోయినా కంప్యూటరు లేవదు. బటన్ బాగయ్యేదాకా రీసెట్ తీగలను పవర్ స్విచ్ పిన్నుల మీద పెట్టి, రీసెట్ బటన్‌నే పవర్ బటన్‌గా వాడుకోవచ్చు.

ఎస్‌ఎంపీఎస్

ఎస్‌ఎంపీఎస్‌ను ఏ పరిస్థితిలోనూ విప్పకూడదు. ప్లగ్గు తీసేసిన తరువాత కూడా దాని లోపలి పెద్ద కెపాసిటరులో 300 వోల్టులకు పైగా నిలిచి ఉండవచ్చు, అది ప్రాణం తీయగలదు. బయట నుంచి కొలవగలిగినది మాత్రమే కొలవాలి.

గోడ స్విచ్ ఆన్‌లో ఉండి కంప్యూటరు ఆగి ఉన్నప్పుడు, 24 పిన్నుల పెద్ద కనెక్టరులో ఊదా రంగు తీగకూ నల్ల తీగకూ మధ్య 4.75 నుంచి 5.25 వోల్టులు ఉండాలి. అది స్టాండ్‌బై. కంప్యూటరు నడుస్తున్నప్పుడు పసుపు తీగ మీద 11.4 నుంచి 12.6 వోల్టుల మధ్య ఉండాలి. చాలా కొత్త మోడళ్లలో తీగలన్నీ నల్లగానే ఉంటాయి కాబట్టి పిన్ను స్థానాన్ని మాన్యువల్ బొమ్మలో చూసుకోవాలి. మీటరు అంకెలు సరిగ్గా ఉన్నంత మాత్రాన ఎస్‌ఎంపీఎస్ నిర్దోషి అనుకోవద్దు. ఆన్ అయిన మొదటి క్షణంలో కొన్ని మిల్లీసెకన్లపాటు పడిపోయే వోల్టేజీని మామూలు మీటరు చూపలేదు.

ఆ మొదటి క్షణంలోనే కథంతా ఉంది. బటన్ నొక్కగానే మదర్‌బోర్డు ఆకుపచ్చ తీగను సున్నా వోల్టులకు లాగి ఎస్‌ఎంపీఎస్‌ను మేల్కొలుపుతుంది. ఎస్‌ఎంపీఎస్ తన వోల్టేజీలన్నీ నిలదొక్కుకున్నాక, 100 నుంచి 500 మిల్లీసెకన్ల లోపల, బూడిద రంగు తీగ మీద 'సిద్ధం' అన్న సంకేతం ఇస్తుంది. ఆ సంకేతం వచ్చేదాకా ప్రాసెసర్ కదలదు. కెపాసిటర్లు పాతబడితే వోల్టేజీ తొణుకుతుంది, సంకేతం ఆలస్యమవుతుంది, లేదా వచ్చినట్టే వచ్చి పోతుంది. పాతబడిన ఎలక్ట్రోలైటిక్ కెపాసిటరు చల్లగా ఉన్నప్పుడు ఇంకా బలహీనంగా పనిచేస్తుంది. రెండు మూడు ప్రయత్నాలు జరిగేసరికి కాస్త వేడెక్కి నిలదొక్కుకుంటుంది. రాత్రంతా ఆగి ఉన్న కంప్యూటరు ఉదయం మొదటి నొక్కుకు లేవకపోవడం, ఒకసారి లేచాక రోజంతా ఎన్నిసార్లు ఆపినా చక్కగా లేవడం ఈ లోపానికి గుర్తు.

దీన్ని తేల్చేది మీటరు కాదు, మార్పిడి. స్నేహితుడి దగ్గర బాగా పనిచేస్తున్న, తగినంత వాట్ల ఎస్‌ఎంపీఎస్ అడిగి తెచ్చి ఒకటి రెండు వారాలు పెట్టి చూడండి. ఇక్కడ ఒక ప్రమాదం ఉంది. మాడ్యులర్ (కేబుళ్లు పెట్టె నుంచి విడిగా ఊడివచ్చే) ఎస్‌ఎంపీఎస్ అయితే దానితో వచ్చిన కేబుళ్లనే వాడాలి. మదర్‌బోర్డు వైపు కొస అందరిదీ ఒకేలా ఉంటుంది కానీ, ఎస్‌ఎంపీఎస్ వైపు కొసలో పిన్నుల వరస కంపెనీకి ఒక రకంగా, ఒక్కోసారి ఒకే కంపెనీలో మోడల్‌కు ఒక రకంగా ఉంటుంది. శ్రమ తగ్గుతుందని పాత కేబుళ్లు అలాగే ఉంచి కొత్త పెట్టెను తగిలిస్తే హార్డ్ డిస్కులు, బోర్డు క్షణంలో కాలిపోగలవు.

ప్రాసెసర్ దగ్గర పైమూలన దిగే 8 పిన్నుల కేబులును కూడా తీసి, క్లిప్పు 'టిక్' మనేదాకా దించండి. గాలి ఫ్యాను వెనక కనిపించకుండా ఉండే ఆ మూలలో అది సగమే దిగి ఉండటం ఇంట్లో బిగించిన కంప్యూటర్లలో అరుదేమీ కాదు.

ర్యామ్

ఫ్యాన్లు తిరుగుతూ తెర నల్లగా ఉండిపోయే లోపాల్లో ముందు ర్యామ్ చూడాలి. వేళచ్చేరిలో ఉండే మా మేనల్లుడి కంప్యూటరు కార్తీకంలో వానలు పట్టిన రోజుల్లో ఇలాగే ఇబ్బంది పెట్టింది. డీర్యామ్ లైటు వెలిగి నిలిచిపోయేది. పక్క పలక తీసి ఫోన్ టార్చి ఏటవాలుగా వేసి చూస్తే, ర్యామ్ కడ్డీ కింద బంగారు రంగు గీత ఒక కొసన కనిపించకుండా, రెండో కొసన మాత్రం గోరు అంచంత మేర కనిపిస్తోంది. అతని బోర్డులో స్లాటుకు ఒకవైపే క్లిప్పు ఉంది. క్లిప్పు ఉన్న వైపు టిక్ మని దిగింది, గ్రాఫిక్స్ కార్డు వైపున్న కొస మాత్రం చివరిదాకా దిగలేదు. పొడిగా ఉన్న రోజుల్లో అంటీముట్టనట్టు తగులుతూ పనిచేసిన ఆ కొస చెమ్మ రోజుల్లో మొరాయించింది. రెండు బొటనవేళ్లతో రెండు కొసలనూ సమానంగా నొక్కి దించాక ఆ వానాకాలమంతా మళ్లీ ఆ లైటు నిలవలేదు.

ర్యామ్ తీసే ముందు ప్లగ్గు తీసి, పవర్ బటన్‌ను ఒకసారి నొక్కి వదిలి, క్యాబినెట్ లోహాన్ని తాకండి. బంగారు పూత మీద మసక మచ్చలుంటే, 99 శాతం ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తడిపిన నూలు పోగులు రాలని గుడ్డతో తుడిచి, పూర్తిగా ఆరనిచ్చి పెట్టాలి. రబ్బరుతో రుద్దే అలవాటు మన దగ్గర ఎక్కువే గానీ, దాని పొడి స్లాటులోకి చేరుతుంది, పూత అరుగుతుంది. ఆల్కహాల్ దొరికినంతకాలం దాని అవసరం లేదు. నాలుగు స్లాట్లున్న బోర్డులో రెండు కడ్డీలు ఉంటే ప్రాసెసర్ వైపు నుంచి లెక్కపెట్టి రెండో దానిలో, నాలుగో దానిలో పెట్టమని దాదాపు అన్ని మాన్యువళ్లూ చెబుతాయి.

స్లాటులో సరిగ్గా దిగినా లోపం పోకపోతే బయోస్‌లో ఎక్స్‌ఎంపీ లేదా ఎక్స్‌పో అన్న అమరికను (ర్యామ్‌ను పెట్టె మీద రాసిన వేగంతో నడిపేదాన్ని) ఆపి చూడండి. 6000 అని పెట్టె మీద రాసి అమ్మే డీడీఆర్5 (కొత్త తరం ర్యామ్) కడ్డీ ఆ అమరిక లేకపోతే సాధారణంగా 4800 దగ్గరే నడుస్తుంది. 6000 అన్నది ప్రాసెసర్, బోర్డు, కడ్డీ మూడూ సహకరిస్తేనే నిలిచే వేగం. ఆపిన తరువాత వారాల తరబడి నిలకడగా లేస్తే బయోస్‌ను కొత్త కూర్పుకు మార్చి, ఆ తరువాత వేగం మళ్లీ పెంచి చూడవచ్చు. బయోస్ మార్చేటప్పుడు కరెంటు పోతే బోర్డే పాడవవచ్చు. విద్యుత్ బోర్డు మరమ్మతుల కోసం మీ ప్రాంతంలో కరెంటు ఆపుతానని ప్రకటించిన రోజున ఆ పని పెట్టుకోకండి.

డీడీఆర్5 గురించి ఇంకొక మాట. ర్యామ్ మార్చినప్పుడు, బయోస్ అమరికలు చెరిపినప్పుడు బోర్డు ఆ కడ్డీలతో తన సమయాలను కుదుర్చుకోవడానికి కొన్ని నిమిషాలు తీసుకుంటుంది. అంతసేపూ తెర నల్లగానే ఉంటుంది. అది లోపం కాదు. మధ్యలో ఆపేస్తే మళ్లీ మొదటినుంచి మొదలవుతుంది. పది నిమిషాలు వేచి చూసి అప్పుడే ఒక నిర్ణయానికి రండి.

అమరికలు ఆపినా మొరాయిస్తే ఒకే కడ్డీని రెండో స్లాటులో పెట్టి కొన్ని రోజులు, తరువాత రెండో కడ్డీని అదే స్లాటులో పెట్టి కొన్ని రోజులు నడపండి. లోపం కడ్డీతో పాటు వెళితే కడ్డీది, స్లాటుతో ఉండిపోతే బోర్డుది. స్లాటు వైపు లోపం ఉన్నప్పుడు ప్రాసెసర్ కూలర్ ఒకవైపు మరీ బిగుతుగా ఉందేమో, సాకెట్‌లో పిన్ను వంగిందేమో కూడా చూడాలి. ర్యామ్ తీగలు ప్రాసెసర్ గుండానే వెళతాయి.

మిగిలినవి

గ్రాఫిక్స్ కార్డును పరీక్షించడం తేలిక. ప్రాసెసర్‌లోనే గ్రాఫిక్స్ ఉంటే కార్డు తీసేసి, కేబులును బోర్డుకు పెట్టి నడపండి. ఇంటెల్‌లో పేరు చివర ఎఫ్ ఉన్నవాటికి ఆ సౌకర్యం ఉండదు. బరువైన కార్డు కిందికి వాలితే దాని కొస స్లాటు నుంచి కాస్త లేస్తుంది. కింద ఒక ఆధారం పెట్టాలి.

యూఎస్‌బీ పరికరాలన్నీ తీసేసి, కీబోర్డు ఒక్కటే ఉంచి చూడండి. ఫ్యాన్లు క్షణం తిరిగి ఆగిపోయే రకంలో, బోర్డు కింద అవసరం లేని చోట ఇత్తడి స్టాండాఫ్ (బోర్డును క్యాబినెట్‌కు ఎడంగా నిలిపే చిన్న కాడ) మిగిలిపోయిందేమో, ఊడిన స్క్రూ ఏదైనా దొర్లుతోందేమో వెతకాలి. అనుమానం తీరకపోతే బోర్డును బయటకు తీసి అట్టపెట్టె మీద పెట్టి, ప్రాసెసర్, కూలర్, ఒక ర్యామ్, ఎస్‌ఎంపీఎస్ మాత్రమే ఉంచి నడపడం మంచి పద్ధతి.

విండోస్ దగ్గర ఆగిపోయే రకంలో బయోస్‌లో ఎస్‌ఎస్‌డీ (విండోస్ ఉండే డిస్కు) పేరు కనిపిస్తోందా అన్నది మొదటి ప్రశ్న. కనిపించకపోతే దాన్ని తీసి పెట్టండి. కనిపిస్తూ ఉంటే విండోస్‌లోని ఫాస్ట్ స్టార్టప్‌ను ఆపేయండి. అది ఉన్నప్పుడు షట్‌డౌన్ చేసినా వ్యవస్థ పూర్తిగా ఆగదు, రీస్టార్ట్ చేస్తేనే పూర్తిగా ఆగి మొదలవుతుంది. విండోస్ తనలో జరిగినవి నమోదు చేసుకునే ఈవెంట్ వ్యూయర్‌లో కెర్నల్ పవర్ 41 అన్న నమోదు కనిపిస్తే కంగారు పడవద్దు. సరిగ్గా షట్‌డౌన్ కాకుండా ఆగిందని మాత్రమే అది చెబుతుంది, ఎందుకు ఆగిందో చెప్పదు.

చెన్నైకి ప్రత్యేకమైన సంగతి తేమ. బీసెంట్ నగర్, తిరువాన్మియూర్ లాంటి సముద్రపు ఒడ్డు ప్రాంతాల్లో ఉప్పుగాలి లోహపు అంచులను త్వరగా తింటుంది. రాత్రంతా ఏసీలో చల్లబడిన గది కిటికీలు తెల్లవారగానే తెరిస్తే, బయటి చెమ్మగాలి చల్లని లోహం మీద పలచని తడిగా పట్టవచ్చు. అలాంటి ఉదయాల్లోనే మొరాయిస్తుంటే కిటికీ తెరవడానికి ముందు ఆన్ చేసి తేడా గమనించండి. ఎస్‌ఎంపీఎస్ వెనక జాలీలోంచి బొద్దింకలు, బల్లులు వెచ్చదనం కోసం దూరుతాయి. అక్కడ నల్లని గింజల్లాంటి మలం కనిపిస్తే లోపలి సంగతి ఊహించుకుని ఎస్‌ఎంపీఎస్‌ను మార్చడమే క్షేమం.

ఇవన్నీ చేశాక కూడా లోపం బోర్డు మీదికో ప్రాసెసర్ మీదికో వస్తే సర్వీసు సెంటరుకు వెళ్లక తప్పదు. అప్పుడు బిల్లుతో పాటు మీ కాగితం, వీడియో తీసుకువెళ్లండి. ఏ పరిస్థితిలో మొరాయిస్తుందో ఒక వాక్యంలో రాసి ఇవ్వండి. రాత్రంతా కరెంటు తీసి ఉంచి, మరునాడు ఉదయం మొదటి నొక్కుకు ఏం జరుగుతుందో చూడమని, అలా కనీసం మూడు ఉదయాలు చూడమని అడగండి. ఆటోలో తీసుకువెళ్లే ముందు బరువైన గ్రాఫిక్స్ కార్డును విప్పి వేరే పెట్టెలో పెట్టండి, ఇచ్చే ముందు ప్రతి భాగం మీది సీరియల్ నంబరును ఫొటో తీసుకోండి.